నీళ్లు బాగున్నాయనే బోర్డు చెప్పేదెంత, చెప్పనిదెంత

రిజర్వాయర్‌లో ఈతకో, పడవ షికారుకో వెళ్లేవాళ్లు ముందుగా అడిగేది ఒకటే: నీళ్లు మంచివేనా? ఒడ్డున పాతిన బోర్డో, అధికారులు ఇచ్చిన రిపోర్టో దానికి ఒక్క ముక్కలో జవాబు చెబుతుంది. బాగున్నాయి, లేదా దిగవద్దు. కానీ ఆ ప్రశ్నలో నాలుగు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. నీటిలో మలం కలిసిందా? నాచు విషం ఉందా? ముక్కులోంచో చర్మంలోంచో ఒంట్లోకి చొరబడే జీవులున్నాయా? తేటగా కనబడే ఈ నీళ్లే మనిషిని ముంచేస్తాయా? ఒకదానికి చేసిన పరీక్ష ఇంకోదానికి పనికిరాదు. ఒకటి వానతో గంటల్లో మారిపోతుంది, ఒకటి ఎండలకు వారాల తరబడి ముదురుతుంది, ఇంకొకటి డ్యామ్ గేటు ఎత్తిన నిమిషాల్లో మీద పడుతుంది. బోర్డు మీద రాసింది మామూలుగా మొదటి ప్రశ్నకు మాత్రమే జవాబు. ప్రాణాలు ఎక్కువగా తీస్తున్నది చివరిది.

ఆ అంకె ఎక్కడి నుంచి వస్తుంది

నీటి పరీక్షలో జబ్బు తెప్పించే క్రిములను నేరుగా వెతకరు. అవి చాలా రకాలు, పైగా నీటిలో తక్కువ సంఖ్యలో ఉంటాయి కాబట్టి దొరకడం కష్టం. వాటికి బదులు ఈ.కోలి అనే బ్యాక్టీరియాను లెక్కపెడతారు. 1885లో థియోడర్ ఎషెరిచ్ అనే పిల్లల డాక్టరు పసిపిల్లల మలంలో గుర్తించిన జీవి ఇది. మనుషుల పేగుల్లో, వేడి రక్తం ఉన్న జంతువుల పేగుల్లో బతుకుతుంది. దానిలో చాలా రకాలు మనకు హాని చేయవు. అయినా నీటిలో అది కనబడిందంటే మలం కలిసిందని అర్థం. మలం వచ్చిన దారిలోనే విరేచనాలు, వాంతులు తెప్పించే వైరస్‌లూ వచ్చి ఉండవచ్చు.

శాంపిల్ తీసే తీరు చూస్తే ఆ అంకెకున్న హద్దులు తెలిసిపోతాయి. జనం దిగే చోట, మోకాళ్ల లోతుకు వెళ్లి, అడుగు బురద కదలకుండా నిలబడతారు. స్టెరిలైజ్ చేసిన సీసాను మూతి కిందికి వచ్చేలా నీటిలోకి దించి, జానెడు లోతులో తిప్పి నింపుతారు. ఐస్ పెట్టెలో పెట్టి కొన్ని గంటల్లోపే ల్యాబ్‌కు చేరుస్తారు. అక్కడ ఒక పొడి కలిపి, చిన్న చిన్న గళ్లున్న ట్రేలో పోసి, 35 డిగ్రీల వేడిలో 18 నుంచి 24 గంటలు ఉంచుతారు. మర్నాడు అతినీలలోహిత దీపం కింద పెడితే ఈ.కోలి ఉన్న గళ్లు నీలంగా మెరుస్తాయి. మెరిసిన గళ్లు లెక్కపెట్టి, పట్టిక చూసి 100 మిల్లీలీటర్లలో ఎంత ఉందో అంచనా వేస్తారు.

అంటే ఈ రోజు బోర్డు మీద కనిపించే ఫలితం, ఎంత త్వరగా పెట్టినా, నిన్నటి నీటిది. అది కూడా ఒక చోట, ఒక సమయంలో తీసిన సీసాడు నీళ్లది. వారానికోసారి శాంపిల్ తీసే చోట ఆ జవాబు ఆరు రోజులు పాతది కూడా కావచ్చు. క్రిముల జన్యు పదార్థాన్ని కొలిచే క్యూపీసీఆర్ పద్ధతిలో కొన్ని గంటల్లోనే ఫలితం వస్తుంది. షికాగో నగరం తన సరస్సు బీచ్‌లలో దీన్ని వాడుతోంది. కానీ దానికి పరికరాలు, శిక్షణ ఉన్న మనుషులు కావాలి. చాలా చోట్ల ఇంకా పాత పద్ధతే నడుస్తోంది.

ఇక హద్దు ఎంత అన్నది. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 2012లో ఇచ్చిన ప్రమాణం ప్రకారం 100 మిల్లీలీటర్లకు ఈ.కోలి సగటు 126 దాటకూడదు. యూరోపియన్ యూనియన్ 2006 నాటి ఆదేశం ప్రకారం నదులు, సరస్సుల్లో 500 వరకు ఉన్నా ‘అత్యుత్తమం’. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి యూరప్ వాళ్లు నాలుగింతలు మురికి నీటిని ఒప్పుకుంటున్నారని వాదించేవాళ్లు ఉన్నారు. అది తప్పు పోలిక. అమెరికాది జ్యామితీయ సగటు, అంటే ఒకటి రెండు పెద్ద అంకెలు మొత్తాన్ని పైకి లాగేయకుండా లెక్కకట్టే సగటు. యూరప్‌ది నూటికి 95 శాంపిళ్లు దేనికి లోబడి ఉండాలో ఆ పై హద్దు. అమెరికా ప్రమాణంలోనూ ఇలాంటి పై హద్దు విడిగా ఉంది. అది 410. పదింట ఒక శాంపిల్‌కు మించి దాన్ని దాటకూడదు. అలా చూస్తే రెండూ దగ్గర దగ్గరగానే ఉన్నాయి. భారత్‌లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి స్నానపు నీటికి లెక్కపెట్టేది ఈ.కోలి ఒక్కదాన్నే కాదు, అది కూడా భాగమైన ఫీకల్ కోలిఫామ్ అనే పెద్ద గుంపును. 500 లోపు ఉంటే మేలు, 2,500 దాటకూడదు అంటుంది. కాబట్టి ఒక అంకె చూసి బెంబేలెత్తే ముందు, లేదా ధీమా పడే ముందు, అది ఏ జీవిది, సగటా, పై హద్దా అని అడగాలి.

ఇంకో మాట. హద్దులోపల ఉందంటే ప్రమాదం సున్నా అని కాదు. ఆ 126 అనే హద్దు దగ్గర వెయ్యి మంది ఈదితే సుమారు 36 మందికి కడుపుకు సంబంధించిన ఏదో ఒక జబ్బు రావచ్చని అంచనా వేసే దాన్ని పెట్టారు. అంతవరకు సమాజం ఒప్పుకోవచ్చని ఒక నిర్ణయం తీసుకున్నారు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు అది ఒక రోజు కడుపు పాడవడంతో పోవచ్చు. చంటిపిల్లలు, గర్భిణులు, కీమోథెరపీ తీసుకుంటున్నవాళ్ల లెక్క వేరు. పిల్లలు ఈదేటప్పుడు మింగే నీళ్లు పెద్దవాళ్లకంటే ఎక్కువ.

వాన పడితే నిన్నటి రిపోర్టు చెల్లదు

నన్నడిగితే రిపోర్టుకన్నా ముందు చూడాల్సింది వాన. గట్టి వాన పడ్డప్పుడు చుట్టుపక్కల పొలాలు, పశువుల కొట్టాలు, డ్రైనేజీలు, వీధులు అన్నీ కడుక్కుని ఆ నీరంతా రిజర్వాయర్‌లోకే వస్తుంది. బురద వల్ల ఎండ లోపలికి దిగదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు క్రిములను చంపుతాయి, బురద వాటికి గొడుగు పట్టినట్టవుతుంది. అందుకే వాన తర్వాత కనీసం ఒకటి రెండు రోజులు దిగవద్దంటారు. వాగులు, కాలువలు వచ్చి కలిసే చోట ఇంకా ఎక్కువ రోజులు ఆగడం మంచిది.

1998లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో జరిగింది చూడండి. లేక్ స్ప్రింగ్‌ఫీల్డ్ అనే రిజర్వాయర్‌లో ట్రయాథ్లాన్ పోటీ పెట్టారు. అంతకుముందు భారీ వానలు పడ్డాయి. 876 మంది పాల్గొన్నారు. ఆ తర్వాత వాళ్లలో 834 మందిని ఆరోగ్య అధికారులు కలుసుకోగలిగితే 98 మంది జబ్బు పడ్డామని చెప్పారు. కారణం లెప్టోస్పైరోసిస్, జనం నోట్లో ఎలుక జ్వరం. ఎలుకలు, పశువులు, ఇతర జంతువుల మూత్రంతో నీటిలో చేరే బ్యాక్టీరియా అది. ఈత కొడుతూ ఒక్క గుక్కయినా నీళ్లు మింగినవాళ్లకు ముప్పు ఎక్కువని తేలింది. కొలనుల్లో, కాలువల్లో ఈదేవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే ఈ.కోలి లెక్క ఎంత బాగున్నా లెప్టోస్పైరా లేదని చెప్పలేం. ఒంటి మీద గాయం, గీరుకుపోయిన చర్మం ఉన్నా అది లోపలికి వెళ్లగలదు.

ఇక్కడే తరచూ వినబడే వాదన ఒకటుంది. ఇది ఊరికి తాగునీరిచ్చే రిజర్వాయర్, తాగే నీళ్లలో ఈదితే ఏమవుతుంది? తాగేది ఆ నీటిని కాదు. వడకట్టి, క్లోరిన్ కలిపిన తర్వాతి నీటిని. ఈదేది శుద్ధి చేయని నీటిలో. అసలు చాలా తాగునీటి రిజర్వాయర్లలో ఈతను నిషేధించింది ఈదేవాళ్ల కోసం కాదు, కొళాయి తిప్పేవాళ్ల కోసం. క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి క్లోరిన్‌కు లొంగదు. 1993లో అమెరికాలోని మిల్వాకీ నగరంలో శుద్ధి కేంద్రం సరిగా వడకట్టలేకపోయేసరికి అది కొళాయిల్లోకి వచ్చి సుమారు 4 లక్షల మందిని మంచాన పడేసింది. విరేచనాలతో ఉన్న ఒక్క మనిషి కోట్లకొద్దీ ఆ జీవులను నీటిలోకి వదలగలడు. న్యూయార్క్ నగరానికి నీరిచ్చే కొండప్రాంతపు రిజర్వాయర్లలో అనుమతితో పడవ వేసుకోవచ్చు, చేపలు పట్టవచ్చు, ఈత మాత్రం కుదరదు. కొన్నిటిలో పడవను కూడా ముందు ఆవిరితో కడిగించాలి, వేరే చోటి నత్తగుల్లలు దాని అడుక్కి అంటుకుని రాకుండా.

ఆకుపచ్చ రంగు కథ

రిజర్వాయర్ నదిలా పారదు, సరస్సులా పాతబడ్డదీ కాదు. పొలాల ఎరువుల నుంచి, మురుగు నుంచి వచ్చే భాస్వరం, నత్రజని దానిలో పోగుపడతాయి. ఎండాకాలంలో పై నీరు వేడెక్కి తేలికై పైనే ఉండిపోతుంది, చల్లటి బరువైన నీరు అడుగున ఉండిపోతుంది. రెండూ కలవవు. అడుగున ఆక్సిజన్ అయిపోతుంది. ఆక్సిజన్ లేని బురద తనలో పట్టి ఉంచిన భాస్వరాన్ని మళ్లీ నీటిలోకి వదులుతుంది. ఎగువ నుంచి వచ్చే మురుగును ఆపేసినా కొన్ని రిజర్వాయర్లు ఏళ్ల తరబడి పచ్చబడుతూ ఉండడానికి ఇదొక కారణం.

ఈ పచ్చదనంలో భయపడాల్సింది సయనోబ్యాక్టీరియా. నాచు అని పిలుస్తాం కానీ ఇవి బ్యాక్టీరియా. వీటిలో కొన్ని ఒంటిలో గాలి బుడగల్లాంటివి నింపుకుని పైకి తేలగలవు, కిందికి దిగగలవు. గాలి లేని ప్రశాంతమైన రాత్రి తర్వాత తెల్లవారేసరికి పైన మందపాటి తెట్టులా పేరుకుంటాయి. చిన్న గాలి వీస్తే ఆ తెట్టు మొత్తం ఒక ఒడ్డుకు కొట్టుకుపోతుంది. రిజర్వాయర్ మధ్యలో ఉన్నదానికంటే ఆ ఒడ్డున వెయ్యి రెట్లు చిక్కగా ఉండడం జరిగేదే. మధ్యలో తీసిన శాంపిల్ బాగుందని, గాలి వాలున ఉన్న ఒడ్డున పిల్లలను ఆడుకోనివ్వడం ఎంత పొరపాటో దీన్నిబట్టి అర్థమవుతుంది.

2007 జనవరిలో అర్జెంటీనాలోని సాల్టో గ్రాండే డ్యామ్ జలాశయంలో జెట్ స్కీ నడుపుతున్న 19 ఏళ్ల కుర్రాడు ఇలాంటి తెట్టులో చిక్కుకుపోయాడు. కొన్ని గంటల్లో వికారం, కడుపునొప్పి, జ్వరం. మూడు రోజులకు ఊపిరాడని పరిస్థితి, ఐసీయూ. తర్వాత కాలేయం దెబ్బతింది. దాదాపు 20 రోజులకు కోలుకున్నాడు. ఆ నీటిలో మైక్రోసిస్టిన్ అనే విషం లీటరుకు 48.6 మైక్రోగ్రాములు ఉంది. ఈత నీటిలో అది లీటరుకు 24 దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది, 8 దగ్గరే ఆగమని ఈపీఏ అంటుంది.

పచ్చగా ఉన్నదంతా విషం కాదు. విషం ఉందా లేదా అన్నది రంగు చూసి చెప్పలేం, ల్యాబ్‌లోనే తేలుతుంది. కానీ సయనోబ్యాక్టీరియానా, మామూలు నాచా అన్నది ఒడ్డునే కొంత తెలుసుకోవచ్చు. ఒక పొడవాటి పుల్లతో తెట్టును ఎత్తండి. జుట్టులా, దారాల్లా వేలాడుతూ వస్తే పోగుల నాచు, విషం భయం తక్కువ. పుల్లను పచ్చ పెయింట్‌లో ముంచి తీసినట్టు పట్టుకుంటే అనుమానించాలి. గ్లవ్స్ వేసుకుని ఒక గాజు సీసాలో ముప్పావు వంతు ఆ నీరు పట్టి, కదపకుండా రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచినా తెలుస్తుంది. మామూలు నాచు అడుగుకు దిగుతుంది, సయనోబ్యాక్టీరియా పైకి తేలి పచ్చటి వలయంలా నిలుస్తుంది. ఏదో ఒకటి తేలేదాకా ఆ నీటిలోకి పిల్లలనూ, కుక్కలనూ పోనివ్వవద్దు. కుక్కలు ఒడ్డున పేరుకున్న తెట్టును తింటాయి, బయటికొచ్చి బొచ్చు నాక్కుంటాయి. అందుకే చాలా చోట్ల మొదట చనిపోయేది అవే.

కాచితే విషం పోతుందనుకోవడం పొరపాటు. మందు చల్లి నాచును చంపేస్తే సరి అనుకోవడం అంతకన్నా ప్రమాదం. 1979లో ఆస్ట్రేలియాలోని పామ్ ఐలాండ్‌లో సోలమన్ డ్యామ్ నీటికి నాచు పట్టిందని కాపర్ సల్ఫేట్ కలిపారు. కణాలు పగిలి లోపలి విషమంతా ఒక్కసారిగా నీటిలోకి వచ్చింది. ఆ నీళ్లు తాగిన 148 మంది కాలేయం వాపుతో, మూత్రపిండాల దెబ్బతో ఆస్పత్రి పాలయ్యారు. వాళ్లలో 138 మంది పిల్లలు.

అరుదైనవి, కానీ తెలిసి ఉండాల్సినవి

వెచ్చటి మంచినీటిలో పెరిగే నేగ్లేరియా ఫౌలెరి అనే అమీబా గురించి వార్తలు వచ్చినప్పుడల్లా జనంలో టెన్షన్ మొదలవుతుంది. తాగితే ఏమీ చేయదు. ముక్కులోకి నీరు గట్టిగా ఎక్కితే, వాసన నాడి వెంబడి మెదడుకు చేరుతుంది. అమెరికాలో 1962 నుంచి 2023 వరకు 164 కేసులు వస్తే నలుగురే బతికారు. కోట్ల ఈతలకు ఈ సంఖ్య ఎంత చిన్నదో, ఒకసారి సోకితే అంత ఘోరం. నీరు బాగా వేడెక్కి, మట్టం తగ్గిన రోజుల్లో దూకడాలు మానడం, తల నీటిలో ముంచకుండా ఉండడం, ముక్కు క్లిప్ పెట్టుకోవడం, అడుగు బురదను కదపకపోవడం, ఇంతే జాగ్రత్త.

ఆఫ్రికాలో ఇంకో సమస్య. నిలవ నీటిలో నత్తలు పెరుగుతాయి, వాటి నుంచి వెలువడే షిస్టోసోమా పురుగు పిల్లలు చర్మం తొలుచుకుని ఒంట్లోకి పోతాయి. 1986లో సెనెగల్ నది మీద డియామా డ్యామ్ కట్టాక, అంతవరకు ఆ ప్రాంతంలో లేని పేగుల షిస్టోసోమియాసిస్ రెండేళ్లలోనే రిషార్ టోల్ పట్టణంలో బయటపడి విజృంభించింది. అక్కడ నీళ్లలో కాలు పెట్టడమే ప్రమాదం.

తేట నీటిలోనే మునుగుతారు

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో ప్రపంచమంతా కలిపి సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారు. ఆ నీటిలో ఈ.కోలి ఎంత ఉందన్నది వాళ్లకు అక్కరలేని లెక్క. రిజర్వాయర్ మనిషి కట్టింది కాబట్టి దాని ప్రమాదాలు కూడా చెరువు ప్రమాదాల్లా ఉండవు. ఒడ్డు నుంచి నాలుగడుగులు వేస్తే ఐదో అడుగుకు కాలికి నేల అందదు, ఎందుకంటే అది ముంపులో మునిగిన కొండ వాలు. అడుగున పాత గోడలు, నరకకుండా వదిలేసిన చెట్ల మొదళ్లు ఉంటాయి. నీటిమట్టం నెల నెలా మారుతుంది. కిందటిసారి క్షేమంగా దూకిన బండ కింద ఈసారి నడుం లోతే ఉండవచ్చు. తలకిందులుగా దూకి మెడ ఎముక విరిగితే కాళ్లు చేతులు పడిపోతాయి. మట్టం తగ్గినప్పుడు బయటపడ్డ ఒడ్డు పైకి ఎండినట్టు కనబడి, కింద ఊబిలా లాగేస్తుంది.

చలి సంగతి వెచ్చని దేశాలవాళ్లు నమ్మరు. చల్లటి ప్రాంతాల రిజర్వాయర్లలో వేసవిలో కూడా పై రెండు మూడు మీటర్లే వెచ్చగా ఉంటాయి. దూకి కిందికి వెళ్లినవాళ్లకు 15 డిగ్రీలకన్నా తక్కువ చల్లటి నీరు తగిలితే ఊపిరి తనంతట తానే ఒక్కసారిగా లోపలికి లాగుకుంటుంది. ఆ క్షణంలో తల నీటిలో ఉంటే ఊపిరితిత్తుల్లోకి వెళ్లేది నీరే. మంచి ఈతగాళ్లు కూడా ఇలాగే పోతారు. మొదటి నిమిషం ఈదే ప్రయత్నం చేయకుండా వెల్లకిలా తేలుతూ ఊపిరి కుదుటపడేదాకా ఆగాలి.

ఇక డ్యామ్ దగ్గరికి. తూముకు అటూ ఇటూ నీటిమట్టంలో ఒక్క మీటరు తేడా ఉంటే చదరపు మీటరుకు ఒక టన్ను బరువు పడుతుంది. ఆ రంధ్రానికి అతుక్కుపోయిన మనిషిని చేతులతో లాగడం అయ్యే పని కాదు. పైన నీళ్లు నిశ్చలంగానే కనబడతాయి. చిన్న అడ్డుకట్ట మీంచి దూకే నీటి కింద వెనక్కి తిరిగే సుడి పడవనూ, మనిషినీ మళ్లీ మళ్లీ గోడ వైపే లాక్కుంటుంది. దిగువన ఉన్నవాళ్ల పరిస్థితి ఇంకా దారుణం. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నదిలో రాళ్ల మీద ఫొటోలు దిగుతున్న ఇంజినీరింగ్ విద్యార్థులు, ఎగువన లార్జి డ్యామ్ నుంచి వదిలిన నీటిలో కొట్టుకుపోయారు. 24 మంది విద్యార్థులు, వాళ్ల వెంట వెళ్లిన ఒకరు ప్రాణాలు కోల్పోయారు. ఆ పిల్లలు నిలబడ్డప్పుడు నీరు పాదాల దగ్గరే ఉంది. డ్యామ్ దిగువన ఆకాశం ఎలా ఉందన్నది లెక్కలోకి రాదు, గేటు ఎప్పుడు ఎత్తుతారన్నదే లెక్క. హెచ్చరిక సైరన్ ఉందా, అది ఎంత ముందు మోగుతుంది, ఎటు పరుగెత్తాలి అన్న మూడూ తెలియని చోట నది మధ్య రాళ్ల మీదికి వెళ్లకూడదు.

పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ ఒంటి మీదే ఉండాలి, సీటు కింద కాదు. అమెరికా కోస్ట్ గార్డ్ లెక్కల్లో పడవ ప్రమాదాల్లో మునిగి చనిపోయినవాళ్లలో పదికి ఎనిమిది మందికి పైగా అది వేసుకోనివాళ్లే. మునిగేవాళ్లు చేతులూపి అరుస్తారనుకుంటాం. ఊపిరికే నోరు చాలనప్పుడు అరుపు రాదు. తల వెనక్కి వాలి, నోరు నీటి అంచున, చేతులు పక్కలకు చాపి నీటిని నొక్కుతూ, నిశ్శబ్దంగా ఒక నిమిషంలోపే మునిగిపోతారు. పిల్లలు నీటిలో ఉన్నంతసేపూ ఒక పెద్ద మనిషి, ఫోన్ చేతిలో లేకుండా, చేయి చాపితే అందేంత దూరంలో ఉండాలి.

బోర్డు పెట్టేవాళ్లకు

‘నీటి నాణ్యత: మంచిది’ అని రాసి వదిలేయడం అన్యాయం. శాంపిల్ ఏ రోజు, ఏ చోట తీశారో, దేనికి పరీక్షించారో, దేనికి చేయలేదో రాయాలి. ఆ తర్వాత వాన పడితే ఈ ఫలితం చెల్లదని రాయాలి. నేటి నీటిమట్టం, గేట్ల పరిస్థితి పక్కనే ఉండాలి. ఇదంతా ఒక తెల్లబోర్డు, ఒక పెన్ను, రోజూ వచ్చి రాసే ఒక మనిషితో అయ్యే పని. ఆ మనిషి జీతం కూడా ల్యాబ్ ఖర్చంత ముఖ్యమే.

ఈదినవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఇంకొకటుంది. కడుపు జబ్బు ఒకటి రెండు రోజుల్లో బయటపడవచ్చు, కానీ ఎలుక జ్వరం రెండు రోజుల నుంచి నాలుగు వారాల లోపు ఎప్పుడైనా రావచ్చు. అప్పటికి రిజర్వాయర్‌కు వెళ్లిన సంగతే మరిచిపోయి ఉంటారు. జ్వరం, పిక్కల నొప్పి, కళ్లు ఎర్రబడడం, పచ్చబడడం ఉంటే ఫలానా తేదీన ఫలానా నీటిలో దిగామని డాక్టరుకు ముందే చెప్పండి. తీవ్రమైన తలనొప్పి, మెడ పట్టేయడం, మాట తడబడడం ఈతకు వెళ్లిన రెండు వారాల్లోపు కనిపిస్తే అది అమీబా కావచ్చు, తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లండి, ముక్కులోకి నీళ్లు ఎక్కాయన్న మాట కూడా చెప్పండి. ఎలుక జ్వరానికి మామూలు యాంటీబయాటిక్స్ బాగా పనిచేస్తాయి. అడగని డాక్టరు దాన్ని వేరే జ్వరం అనుకుని రోజులు గడిచిపోతేనే కిడ్నీల దాకా వస్తుంది.